పదకొండూ పది

ఆరు వారాల కిందట ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి సోమవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి, "ఆగు. ముందు ఎన్ని పేర్లో చెప్పు," అన్నాడు.

అన్నాడంటే గొంతు వినపడలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలుగా వచ్చింది, అంతే. కానీ ఆ మాట ఎవరిదో ఆ వరసలో ఎవర్నడిగినా చెప్పేస్తారు. గోడ పక్క బల్ల పెద్దాయనది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర, ఆ కుర్చీలో, ఆయన నడుంనొప్పి కోసం ఇంటి నుంచి తెచ్చుకుని తిరిగి తీసుకెళ్ళడం మర్చిపోయిన దిండుకి ఆనుకుని, ఆ పొద్దున్నే పక్క బల్ల నుంచి అక్కడికి మారిన ఆమె కూర్చుంది. ఆమె వేలు మీట మీదికి వెళ్తూ వెళ్తూ గాల్లోనే ఆగిపోయింది.

"దయ్యం కాదులేమ్మా," అన్నాడు వెనక వరస పొడుగాయన, ఆమె మొహం చూసి. "ఆయన రాసిపెట్టిన రూల్స్ అవి. మనిషిని తీసేశారు గానీ రూల్స్ తియ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. రూల్ బల్లది, మనిషిది కాదు. నువ్వక్కడ కూర్చున్నన్నాళ్ళూ ఆయన సణుగుడు వినాల్సిందే."

ఆ ఆఫీసు పని చెప్పడం తేలిక, చెయ్యడమే విసుగు. పెద్దాసుపత్రిలో ఎవరికి ఏ రోజు ఆపరేషన్, ఎవరి ఫైలు ఎక్కడుంది, ఎవరికి ఏ కబురు పంపాలి అన్న పనులన్నీ ఇప్పుడు ఏజెంట్లు చేస్తున్నాయి. ఏజెంటంటే కాళ్ళూ చేతులూ ఉన్న మరమనిషి కాదు. కంప్యూటర్లోనే ఉండి, అప్పజెప్పిన పనిని తనంతట తాను చేసుకుపోయే ప్రోగ్రాం. దానికి తెలివి ఉంది, అలుపు లేదు, మొహమాటం అసలే లేదు. అందుకని దాని ముందు గేటు పెట్టారు. అది ఏ కమాండు ఇవ్వబోయినా ఆ కమాండు గేటు దగ్గర ఆగి, ఒక మనిషి తెర మీదికి వచ్చి, "ఇది చెయ్యనా?" అని అడుగుతుంది. మనిషి చదివి వై నొక్కితే పని జరుగుతుంది. ఎన్ నొక్కితే జరగదు. ఎందుకు వద్దన్నారో ఒక ముక్క రాయడానికి కింద ఖాళీ కూడా ఉంటుంది గానీ, రాసే తీరిక ఎవరికి? ఒక్కో బల్లకి రోజుకి తొమ్మిదొందల ప్రశ్నలు. మూడు నిమిషాల్లో జవాబు రాకపోతే ఎదురు గోడ మీది బోర్డులో ఆ బల్ల నంబరు ఎర్రగా వెలుగుతుంది. అది వెలిగితే గాజు గదిలోంచి మేడమ్ బయటికి వస్తుంది.

ఆ పన్నెండు బల్లల వరసలో అందరికన్నా వేగంగా నొక్కేది ఆమె. అందుకే ఆఫీసులో ఆమెని టకటక అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. వరసగా మూడు నెలలు వేగం కప్పు ఆమెకే వచ్చింది. బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ కప్పు, అందులో పెన్నులు పెట్టుకుంది. పెద్దాయన ఇందుకు పూర్తిగా విరుద్ధం. చూపుడువేలు తెరకి ఆనించి, పెదవులు కదిలిస్తూ, ఒక్కో ప్రశ్ననీ నలభై సెకన్లు చదివేవాడు. వెనకాల నత్త అనేవాళ్ళు. అప్పట్లో ఆయన పక్క బల్ల టకటకదే, ఆమె మాత్రం బాబాయ్ అని పిలిచేది. ఆయన ఆమెని అమ్మాయ్ అనేవాడు.

ఆయన రూల్స్ మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఆసుపత్రి జాబితాలు శుభ్రం చేసే ఏజెంటుకి వరసలో చీపురు అని ముద్దుపేరు. అది పేర్లు తీసెయ్యబోయినప్పుడల్లా, "ఆగు. ముందు ఎన్ని పేర్లో చెప్పు," అని ఆయన అక్షరాలు అడ్డం పడేవి. "మొదటి మూడూ చూపించు." ఉత్తరాలు రాసే ఏజెంటు, గుమాస్తా అంటారు దాన్ని, బయటికి ఏదైనా పంపబోతే, "బయటికి పోయే కాగితం. కింద ఎవరి పేరుందో పైకి చదివి నొక్కు," అని వచ్చేది. ఆయన ఉన్న రోజుల్లో నిజంగానే పైకి చదివేవాడు, మొత్తం వరసకి వినపడేలా. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు. పైకి చదవకుండానే నొక్కేసింది గానీ, ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టే అనిపించింది.

మూడు గంటలకి మేడమ్ పిలిచింది.

"పెద్దాయన ఫైలు మూసెయ్యాలి. గురువారానికి రిపోర్టు, గేటు కార్డులిచ్చే బోర్డుకి వెళ్ళాలి. అప్పుడు పక్క బల్ల నీదేగా, నువ్వే తయారు చెయ్యి. ఆ రోజు చిట్టా తీసి జతచేస్తే మిగతాది గుమాస్తా రాసేస్తుంది. నువ్వు సంతకం పెడితే చాలు."

"బోర్డుకి వెళ్తే ఏమవుతుంది మేడమ్?"

"గేటు కార్డు రద్దు చేస్తారు. ఇంక ఏ ఊళ్ళో, ఏ ఆఫీసులో గేటు ముందు కూర్చోనివ్వరు."

"ఆ వయసులో ఇంకో పనెవరిస్తారు ఆయనకి?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చెడ్డ మనిషి కాదు, అలసిపోయిన మనిషి. "నాకు మాత్రం సరదానా? ఒకావిడకి కన్ను పోయిందమ్మా."

జరిగింది ఇదీ. కంటి ఆపరేషన్ల జాబితాలో నాలుగొందల పన్నెండు పేర్లు రెండేసిసార్లు ఉన్నాయి. చీపురు చూసి, ఒకే మనిషి పేరు రెండుసార్లు ఉందేమిటని, రెండోసారి ఉన్నవాటిని తీసెయ్యడానికి అనుమతి అడిగింది. అనుమతి దొరికింది. మనిషికి రెండు కళ్ళుంటాయన్న సంగతి దానికి తట్టలేదు. ఎడమ కంటికి ఒక తేదీ, కుడి కంటికి ఒక తేదీ. ఒక కన్ను బాగుచేయించుకుని రెండోదానికి తేదీ ప్రకారం వచ్చినవాళ్ళని, మీ పేరు లేదని తిప్పి పంపేశారు. పొరపాటు బయటపడి, మళ్ళీ తేదీలిచ్చేసరికి కొందరికి రెండు నెలలైంది. బస్సు నడిపే ఒకావిడకి ఆ రెండు నెలల్లో కుడికన్ను చీకటైపోయింది. ఇంక బస్సు ఎక్కదు, ఎక్కినా వెనక సీట్లోనే.

విచారణలో ఆయన ఒకటే మాటన్నాడు. "నా బల్ల. నా పేరు." ఇంక నోరు విప్పలేదు. ఆమెని కూడా పిలిచారు. ఆయనకి మంచి చెయ్యాలని, "ఆయన కుర్చీ వదిలి కదలరు మేడమ్. వరసలో అంత నిక్కచ్చిగా పనిచేసేది ఆయనొక్కరే," అంది. రాసుకున్నారు.

ఆ సాయంత్రం చిట్టా తీసింది. గేటు దగ్గర జరిగిన ప్రతిదీ అందులో ఉంటుంది, ఎవరూ చెరపలేరు. ఆ రోజుకి వెళ్ళింది. చీపురు. కంటి జాబితా. నాలుగొందల పన్నెండు పేర్లు. మొదటి మూడు పేర్లూ చూపించింది. మూడోది బస్సావిడది, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. అనుమతి. పదకొండూ పద్నాలుగు. జవాబుకి పట్టిన సమయం, ఒక సెకను.

ఆమె వెనక్కి వాలి కూర్చుంది. ఒక సెకనా? బాబాయా? ఆయనకి ఒక సెకనులో కళ్ళజోడు కూడా సర్దుకోవడం రాదే. గుండెల మీంచి బరువు దిగినట్టైంది. ఆయన కాదు. ఇది ఆయన చెయ్యి కాదు.

*

"బాబాయ్ కాదక్కా!" అంది చెప్పులు విప్పుతూనే.

అక్క స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ముందుగదిలో కింద కూర్చుని నీలం గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీస్తోంది. "ఏ బాబాయ్? మనకున్నవాళ్ళందరూ ఒకరికొకరు సరిపోయేవాళ్ళేగా."

"అబ్బా, ఆఫీసు బాబాయ్. ఆ కమాండుకి అనుమతిచ్చింది ఆయన కాదు. ఒక్క సెకనులో నొక్కారు. ఆయన ఎప్పుడూ అలా నొక్కలేదు. చిట్టాలోనే ఉంది, ఎవరూ చూడలేదంతే. ఆయన పేరు చూసి ఆగిపోయారు." ఆమె మంచినీళ్ళు గటగటా తాగింది. "రేపే మేడమ్‌కి చూపిస్తాను."

"మంచిదే." అక్క కత్తెర తీసుకుని గీత వెంట కరకరా కోసుకుంటూ పోయింది. "మరెవరు నొక్కారు?"

"ఎవరో. ఆయన అప్పుడు సీట్లో లేరు. పదకొండూ పదికి మెట్ల దగ్గరికెళ్ళి పిన్నిగారికి ఫోన్ చేస్తారు రోజూ. ఆవిడకి మతిమరుపు. స్టవ్ ఆపిందో లేదో కనుక్కుంటారు. పదకొండూ ఇరవైకి గానీ రారు."

"అప్పుడు ఆయన బల్లకి తాళం ఉండదా?"

"వేస్తే మళ్ళీ తీసుకోవడం పెద్ద తతంగం అక్కా. ఎవరూ వెయ్యరు. ఎవరైనా లేస్తే పక్క బల్లవాళ్ళు చెయ్యి వేస్తారు. నంబరు ఎర్రబడకుండా, ఇలా కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి..." చెయ్యి చాపి చూపించింది.

"ఆయన పక్క బల్లలు ఎవరివి?"

"అటు గోడ. ఇటు..."

చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. అక్క కత్తెర ఆపింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుని వెళ్ళిపోయింది.

"నువ్వేనా?" అంది అక్క, మెల్లగా.

"నాకు గుర్తు లేదు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నిజంగా గుర్తు లేదక్కా. రోజూ నొక్కుతాను. నావి నొక్కుతూ నొక్కుతూ ఆయనవి కూడా. అందులో అదొకటి."

అక్క లేచి వచ్చి, చాపిన ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. ఆ చేత్తో ఆమె ఆ పూట అన్నం కలుపుకోలేకపోయింది.

*

మంగళవారం ఆఫీసుకి వెళ్ళింది. మేడమ్ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తాననే అనుకుంది, బస్సు దిగేదాకా. ఎక్కినప్పుడు మొదట డ్రైవరు వైపు చూసింది. మగాయన. అయినా ఊపిరి బిగబట్టే వెనక్కి వెళ్ళింది.

గోడ పక్కన కూర్చుంటే గోడ మాట్లాడుతున్నట్టుంది. తల ఆనేచోట ఆయన తలనూనె మరక, అరచెయ్యంత. ఎన్నిసార్లు ఆయన అలా వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ముందుకి వంగి వేలు ఆనించి చదివాడో. తెర మీద ఆయన రూల్స్ వస్తూనే ఉన్నాయి. ఆగు. ఎన్ని పేర్లో చెప్పు. మొదటి మూడూ చూపించు. చీపురు పొద్దుటి నుంచి బుద్ధిగా చిన్న చిన్న పనులే అడుగుతోంది. నాలుగు పేర్లు, ఏడు పేర్లు, రెండు. ఆమె చదివింది, ప్రతిదీ. వేగం పడిపోయింది. బోర్డు మీద ఆమె నంబరు ఒకసారి ఎర్రబడి ఆరింది.

"ఏంటి టకటకా, ఆ కుర్చీ గాలి సోకిందా?" అన్నాడు పొడుగాయన వెనక నుంచి. వరస నవ్వింది.

అప్పుడు చీపురు అడిగింది. పెద్ద పని. చెవి, ముక్కు, గొంతు విభాగం పాత జాబితా మొత్తం, మూడొందల ముప్ఫై పేర్లు. "చెయ్యనా?"

ఆమె ఎందుకో తలెత్తి గడియారం చూసింది. పదకొండూ పది.

ఎన్ నొక్కింది. చిట్టాలోకి వెళ్ళి చీపురు ఈ బల్లని అడిగిన పెద్ద పనులన్నీ వరసగా తీసింది. ఏప్రిల్, మే, జూన్. పదకొండూ పదకొండు. పదకొండూ పన్నెండు. పదకొండూ పది. ఒక్కటి కూడా పదింటికి లేదు, మధ్యాహ్నం లేదు. ఏజెంట్లు పని గుర్తుంచుకోవడానికి తమకోసం తాము నోట్సు రాసుకుంటాయి. గేటు దగ్గరున్నవాళ్ళు అడిగితే చూపించాలి. ఎవరూ అడగరు. ఆమె అడిగింది.

చీపురు ఏమీ దాచలేదు. దానికి దాచాలని కూడా తెలీదు.

"గోడ పక్క బల్ల: ఎన్ని పేర్లో చూపకపోతే ఒప్పుకోరు. మొదటి మూడూ చూపాలి. నలభై సెకన్లు పడుతుంది. తప్పు ఉంటే పట్టుకుంటారు.

"గోడ పక్క బల్ల, పదకొండూ పది నుంచి పదకొండూ ఇరవై వరకు: ఏది అడిగినా ఒక సెకనులో అనుమతి. పెద్ద పనులు అప్పుడు అడగడం మంచిది."

కింద ఇంకా ఉంది. ఐదో బల్ల, టీ వేళ. రెండో బల్ల, శుక్రవారం సాయంత్రాలు. ఎనిమిదో బల్ల, సెల్‌ఫోన్ చేతిలో ఉన్నప్పుడు జవాబులు ఒకే వేగంతో వస్తాయి. పన్నెండు బల్లలకీ ఉంది. ఒక్కో బల్లకి ఒక్కో వేళ.

ఇన్నాళ్ళూ తాము కాపలా కాస్తున్నామనుకుంది. ఎవరూ లేని ఆ చీకటి తెర వెనక నుంచి ఏదో తనని రోజూ చూసింది, సెకన్లు లెక్కపెట్టింది, ఎప్పుడు తన కళ్ళు మూతపడతాయో రాసిపెట్టుకుంది. పగబట్టి కాదు, పని తొందరగా అవుతుందని. అదే ఆమెకి ఎక్కువ భయం వేసింది. పగ ఉన్నదానితో అయితే పోట్లాడొచ్చు.

*

బుధవారం సెలవు పెట్టి పెద్దాయన ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యట్లేదు. రెండు దాటి మలుపు తిరిగేసరికి మెట్ల కిటికీ దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, పాంటు, చెవి దగ్గర ఫోను. ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డట్టే, ఒక చెయ్యి కిటికీ చువ్వ మీద.

"చూసి చెప్పు. నేను లైన్లోనే ఉంటాను... ఆపేశావా? నీలం మంట కనిపించట్లేదుగా?... ఆ, ఆఫీసు నుంచే. సాయంత్రం వచ్చేస్తాలే."

ఫోను పెట్టేసి తిరిగి ఆమెని చూశాడు. ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. తర్వాత నవ్వాడు.

"ఆవిడకి నాలుగుసార్లు చెప్పానమ్మాయ్, ఉద్యోగం పోయిందని. తెల్లారేసరికి మర్చిపోతుంది. చెప్పినప్పుడల్లా కొత్తగా ఏడుస్తుంది. ఎందుకులే అని మానేశాను. ఇంట్లోనే, ఎదురుగానే కూర్చుంటాను. అయినా పదకొండయ్యేసరికి ఫోను పక్కన చేరి, ఆయన ఇంకా చెయ్యలేదేమిటని కంగారు పడుతుంది. అందుకని ఇలా బయటికొచ్చి చేస్తుంటాను."

ఆమె దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మెట్టు మీద కూలబడింది.

"నేనే నొక్కాను బాబాయ్."

ఆయన ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "తెలుసు," అన్నాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమయ్యేది? ఇద్దరం పోయేవాళ్ళం. చెయ్యి వెయ్యమని రోజూ అడిగింది నేనే కదా. నాకు యాభై ఎనిమిది. నీకు ముందు బోలెడుంది. అయినా నువ్వు పాపం నన్ను పొగిడావు. కుర్చీ వదిలి కదలరని." ఆయన భుజాలు కదిలాయి, నవ్వో ఇంకేమిటో ఆమె తలెత్తి చూడలేకపోయింది. "ఆ మాట తర్వాత ఇంకేం చెప్పను? నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

"తిట్టండి బాబాయ్. తిడితే నాకు బాగుంటుంది."

"నీకు బాగుండటం కోసం తిట్టమంటావా?" ఆయన పక్క మెట్టు మీద కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా. "కోపం రాలేదనుకోకు. వచ్చింది. రాత్రిళ్ళు ఆవిడ మొహం కనిపిస్తుంది, ఆ బస్సావిడది. నేనెప్పుడూ చూడలేదు కూడా. ఏదో ఒక మొహం వచ్చి కూర్చుంటుంది. పోనీలే. కాగితాల మీద నా పేరే ఉండనీ. సంతకం పెట్టేసి మర్చిపో."

అప్పుడు ఆమె చీపురు నోట్సు సంగతి చెప్పింది. పదకొండూ పది సంగతి, మిగతా బల్లల సంగతి. చెబుతున్నకొద్దీ ఆయన మొహంలోంచి ఆ పెద్దరికం, ఆ ఓర్పు జారిపోయి, తెరకి వేలు ఆనించి చదివే మనిషి బయటికి వచ్చాడు.

"అన్ని బల్లలకీ రాసుకుందా?"

"అన్నిటికీ."

"అంటే నేను నోరు మూసుకుని..." ఆయన ఆగాడు. "ముసలాడు నిర్లక్ష్యంగా నొక్కాడు, తీసేశాం, అయిపోయిందని రాసుకుంటారు. అది మాత్రం రేపు కూడా ఆ వేళకే వచ్చి అడుగుతుంది."

"నిన్న కూడా అడిగింది బాబాయ్. మూడొందల ముప్ఫై."

ఆయన ఆమెని చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "కళ్ళు తుడుచుకో. పైకి రా, మంచినీళ్ళు తాగుదువుగాని," అన్నాడు.

తలుపు పిన్నిగారే తీసింది. శుభ్రమైన చీర, నున్నగా దువ్విన తల. వంటింట్లోంచి మాడిన వాసన సన్నగా వస్తోంది. ఆవిడ భర్తకేసి ఒకసారి, ఆమెకేసి ఒకసారి చూసి మర్యాదగా నవ్వింది.

"రామ్మా, కూర్చో. మా ఆయన ఆఫీసుకెళ్ళారు. ఇప్పుడే ఫోన్ చేశారు, సాయంత్రం వస్తానని." తర్వాత ఆయన వైపు తిరిగి, "మీరు కూడా కూర్చోండి," అంది.

ఆయన చెప్పులు విప్పి, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

*

గురువారం పొద్దున్నే అక్క, "చెప్పేస్తావా?" అంది, గుండీలు కుడుతూ, తలెత్తకుండా.

"నా కార్డు కూడా పోతుందక్కా."

"పోతుంది." దారం పంటితో తెంపింది. "నీకు కాజాలు కుట్టడం రాదు. నేర్పడానికి నా ప్రాణం తోడేస్తావు." బాక్సులో మాత్రం ఇష్టమైన కూర పెట్టింది.

పదకొండు దాటిన కాసేపటికి గుమాస్తా రిపోర్టు తయారు చేసి ముందుంచింది. అందంగా రాసింది, ఎక్కడా ఒక్క తప్పు లేదు. గోడ పక్క బల్ల ఉద్యోగి ప్రశ్న చదవకుండా నిర్లక్ష్యంగా అనుమతించారు. ఆ సమయంలో ఆయన సీట్లోనే ఉన్నారని పక్క బల్ల ఉద్యోగి వాంగ్మూలం ఇచ్చారు. కార్డు శాశ్వతంగా రద్దు చెయ్యవలసిందిగా సిఫారసు. "బోర్డుకి పంపనా?"

వై మీటకీ ఆమె వేలికీ మధ్య బెత్తెడు దూరం. ఆ వేలికి దారి అలవాటే. ఒక్క సెకను. ఒక్క సెకను చాలు. ఆ తర్వాత బాబాయ్ ఎవరో, బస్సావిడ ఎవరో. ఆ సెకను ఎంత సుఖంగా ఉంటుందో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

ఎన్ నొక్కింది.

"కారణం?" అని కింద ఖాళీ తెరుచుకుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమె ఆ ఖాళీలో ఒక్క అక్షరం రాయలేదు. అక్షరాలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే కొట్టింది. "నొక్కింది ఆయన కాదు. ఆయన సీట్లో లేరు. నా వాంగ్మూలం తప్పు. పక్క బల్ల నుంచి చెయ్యి చాపి నొక్కింది నేను. చదవలేదు. చీపురు నోట్సు, పన్నెండు బల్లలవీ జతచెయ్యి."

గుమాస్తాకి జాలి లేదు, ఆశ్చర్యం లేదు. రెండు సెకన్లలో కొత్త రిపోర్టు తెచ్చింది. మొదటిదానంత అందంగానూ ఉంది. ఆయన పేరున్నచోట ఆమె పేరుంది, అంతే తేడా. "బోర్డుకి పంపనా?"

దానికీ ఆమెకీ మధ్య ఆయన అడ్డం వచ్చాడు.

"బయటికి పోయే కాగితం. కింద ఎవరి పేరుందో పైకి చదివి నొక్కు."

ఆమె చూపుడువేలు తెరకి ఆనించింది. మొదటి వాక్యం నుంచి చదివింది, పెదవులు కదిలిస్తూ. బస్సావిడ పేరు దగ్గర ఆగి రెండోసారి చదివింది. అట్టడుగుకి వచ్చాక, గొంతు సవరించుకుని, కింద ఉన్న పేరు పైకి చదివింది.

టకటక కాదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా.

వరసలో మీటల చప్పుడు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగిపోయింది. "ఎవరమ్మా అది?" అన్నాడు పొడుగాయన, అలవాటుగా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. గాజు గదిలో మేడమ్ లేచి నిలబడింది.

ఆమె వై నొక్కింది. గేటు ఎప్పట్లాగే రాసిపెట్టుకుంది. పన్నెండో బల్ల. అనుమతి. నలభై ఆరు సెకన్లు.

మేడమ్ తలుపు తీసుకుని బయటికి వస్తోంది. ఆవిడ ఇక్కడిదాకా రావడానికి పదకొండు బల్లలు దాటాలి. ఈలోగా తెర మీద తర్వాతి ప్రశ్న వచ్చింది. చీపురు. మూడొందల ముప్ఫై పేర్లు. గడియారంలో పదకొండూ పది.

ఆమె మళ్ళీ వేలు ఆనించి, మొదటి పేరు చదవడం మొదలుపెట్టింది.